చింతపండుతో తోమిన లెన్సు

ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కెమేరా చేతికొచ్చిన నాటి నుంచి దాన్ని జనం బారి నుంచి కాపాడుకోవడమే నాకు సగం పని. ఒక పెళ్ళింట్లో ఓ పెద్దాయన తాంబూలం నలిపిన వేలితో లెన్సు గాజును పొడిచి, "మేం లోపలికి వెళ్ళేది ఈ కంతలోంచేనా అబ్బాయ్" అని అడిగాడు. దసరా నాడు మా పక్కింటావిడ ఆయుధపూజ అంటూ ఆ గాజుకే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ గాజు తుడవడానికి నాకు ఒక పూట పట్టింది. అవన్నీ పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. ఇది మాత్రం ఊరుకోగలిగేది కాదు.

అప్పుడు కాకినాడలో ఉండేవాళ్ళం. నాన్నగారు పోయాక ఇంట్లో మిగిలింది మా అమ్మా నేనూ. ఆ లెన్సు కాలవల పని చూసే ఒక దొర స్వదేశం వెళ్ళిపోతూ నాకిచ్చింది. ఇత్తడి గొట్టం, దానికి అటొకటి ఇటొకటి గాజులు. అలాంటిది ఇంకోటి కావాలంటే చెన్నపట్నం రాసి నెలల తరబడి ఎదురుచూడాలి.

ఒక రోజు పొద్దున్నే పిఠాపురం నుంచి జట్కాలో ఒకాయన వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. బళ్ళో పంతులుగా చేసిన వాళ్ళ నాన్నగారు రాత్రి పోయారట.

"మా అక్కయ్య కోనసీమలో ఉందండి. కబురు పంపాం. గోదావరి పాయలన్నీ దాటి వచ్చేసరికి రేపు సాయంత్రం అవుతుంది. అంతసేపు ఉంచలేం కదండి. నాన్నగారిని చూసి నాలుగేళ్ళయింది దానికి. ఆఖరి చూపు మీ బొమ్మలోనైనా చూపించాలండి" అన్నాడు.

అదే జట్కా ఎక్కాను. వాళ్ళు పంతులుగారిని వీధి అరుగు మీద పడుకోబెట్టి తల కింద దిండు ఎత్తు పెట్టారు. నేను నల్లగుడ్డ కప్పుకుని కెమేరా వెనక అద్దంలో చూశాను. అందులో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. ఆయన తెల్లమీసంలో వెంట్రుకకు వెంట్రుక విడిగా తేలేదాకా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపాను. దిండు కాస్త ఎడమకు జరపమన్నాను. నా దగ్గరున్న రెండు గాజుపలకల మీదా బొమ్మ పట్టి, పెట్టెలో భద్రంగా మూసుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరాను.

గుమ్మంలోనే అమ్మ అడ్డం నిలబడింది. "శవం ఉన్న ఇంటి నుంచి వస్తున్నావు. ఆ పెట్టె లోపలికి తేవడానికి వీల్లేదు. నూతి దగ్గర పెట్టి తలస్నానం చెయ్యి" అంది. కెమేరా, పలకలు అన్నీ ఉన్న ఆ పెట్టెను నూతి చుట్టూ ఉన్న చపటా మీద నీడలో పెట్టాను. పలకల్ని మందునీళ్ళలో వేసి బొమ్మ తేల్చాలంటే చీకటి కావాలి. మా ఇంట్లో చీకటిగది అంటే పొద్దుగూకాక ధాన్యపు కొట్టే. అందాకా ఓ కునుకు తీద్దామని అన్నం తిని పడుకున్నాను. ఆ కునుకే కొంప ముంచింది.

పెరట్లో గరగరమని తోముతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. వెళ్ళి చూద్దును కదా, నల్లగుడ్డ దండెం మీద నీళ్ళు కారుతోంది. కెమేరా మడతల తిత్తి బకెట్లో నానుతోంది. అది తోలుదని తెలిస్తే అమ్మ ఇంట్లో ఉండనివ్వదని, గుడ్డదేనని అబద్ధం చెప్పి ఉన్నాను. గుడ్డే కదా అని నానేసింది. లెన్సు ఆవిడ చేతిలో ఉంది. చింతపండూ, పొయ్యిలో బూడిదా, కొబ్బరిపీచూ పెట్టి, గొట్టాన్నీ గాజునీ ఒక్కటిగా, తద్దినం రోజు పంచపాత్ర తోమినట్టు తోముతోంది. తులసికోటకు ఆనించి రెండు గాజుపలకలు ఆరుతున్నాయి. వాటిలోంచి వెనక ఉన్న కోట స్పష్టంగా కనిపిస్తోంది.

"లేచావా? ఎంత కిలుము పట్టిందిరా దీనికి. చూడు, ఇప్పుడు బంగారంలా ఉంది" అంది.

"ఏం చేశావమ్మా" అన్నాను.

"మైల తీశాను. ఇత్తడికి చింతపండు, గాజుకి బూడిద. దీపం చిమ్నీ రోజూ దేంతో తోముతున్నాం? ఆ పలకలకి ఏదో పాలమీగడలాంటి పూత అంటుకుని ఉంటే గోటితో గీకి కడిగేశాను."

ఆ మీగడలోనే పంతులుగారు ఉన్నారు. అప్పటికి ఆయన్ని ఏటిగట్టుకు తీసుకెళ్ళిపోయి ఉంటారు. మళ్ళీ తియ్యడానికి మనిషి లేడు.

జన్మలో అమ్మ మీద అంత అరవలేదు. ఆచారం పేరు చెప్పి ఒక కూతురికి తండ్రి మొహం లేకుండా చేశావన్నాను. ఆవిడ బూడిద చేతులతో అలాగే కూర్చుని, "అందులో ఆయనున్నాడని నాకేం తెలుసురా? ఒక్కనాడైనా చెప్పావా నాకు?" అంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "అంత తళతళా తోమితే తల్లిని అలా అంటారేంటి బాబూ" అని తగుదునమ్మా అని తీర్పు చెప్పింది. నాకు నషాళానికి అంటింది. లెన్సు ఎండలో పెట్టి చూస్తే గాజు నిండా సన్నటి గీతలు, చలికాలం పొద్దుటి మంచులా. వారం రోజులు అమ్మతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

పదోరోజుకు పిఠాపురం వెళ్ళాను. దారిపొడుగునా పంతులుగారి కూతురికి ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. తప్పు నాది కాదని చూపించడానికి ఆ లెన్సు కూడా గుడ్డలో చుట్టుకుని పట్టుకెళ్ళాను. పంతులుగారి కూతురు నలభై ఏళ్ళావిడ, చావడిలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మా అమ్మనూ, మడినీ, బూడిదనూ, పక్కింటావిడనూ కలిపి ఏకిపెట్టాను. ఆవిడ అంతా విని, లెన్సు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ గీతలు నిమిరింది.

"నేనైనా ఇలాగే తోమేదాన్నండి. మీ అమ్మగారిని ఏమీ అనకండి" అంది.

దారంతా పోగుచేసుకున్న కోపం ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు.

"బొమ్మ పోతే పోయింది లెండి" అంది మళ్ళీ. "మా తమ్ముడు ఏడుపులో సరిగా చూడనే లేదంటాడు. మీరైతే గుడ్డ కప్పుకుని చాలాసేపు చూశారటగా. ఆఖరికి నాన్నగారి మొహం ఎలా ఉందండి? బాధపడ్డట్టుందా, నిద్రపోతున్నట్టుందా?"

నోరు తెరిచాను. మీసం గుర్తొచ్చింది, వెంట్రుకకు వెంట్రుక విడివిడిగా, తలకిందులుగా. జరపమన్న దిండు గుర్తొచ్చింది. ఎడమ చెంప మీద పడ్డ వెలుతురు చాలా బాగుందనుకోవడం గుర్తొచ్చింది. అంతకు మించి ఎంత వెతికినా ఏమీ లేదు. అంతసేపు చూసీ నేను ఆ మొహాన్ని చూడలేదు. అది మా అమ్మ బూడిద చేసిన పని కాదు. ఆవిడ లెన్సు ఒళ్ళో పెట్టుకుని నా వంకే చూస్తోంది.

"నిద్రపోతున్నట్టే ఉన్నారండి" అన్నాను.

ఆవిడ నమ్మింది.