తెల్లబట్టలు ఎవరు ఉతికారు?

మా చరిత్ర టీచరమ్మ పోయిన మంగళవారం కన్నుమూశారు. కబురు తెలిసేసరికి నేను సైబర్‌జయలో పిల్లలకు పాఠం చెబుతున్నాను. పుస్తకం మూసేశాను.

కాలేజీలో ఆమె మాకు కొరియా సామాజిక చరిత్ర చెప్పేవారు. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో పుట్టిన మనిషికి కొరియా గొడవ ఎందుకని చుట్టాలు ఆటపట్టిస్తే, "మీకేటి తెలుసు లా, అక్కడి కథా మనదే" అని, మలయ్ వాళ్లలాగే మాటకు 'లా' తగిలించి అనేవారు.

ఆ తోటలోనే మా అమ్మమ్మ కూడా పని చేసింది. ఆ సంగతి నేను కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడేదాన్ని.

నా మొదటి వ్యాసం కోసం, పూర్వం కొరియా వెళ్లొచ్చిన తెల్లదొరల రాతలు చదివాను. అక్కడి మగవాళ్లు తెల్లబట్టలు కట్టి, పొడుగాటి పొగాకు గొట్టాలు పీలుస్తూ కూర్చుంటారనీ, ఆ జనానికి ఒళ్లు వంగదనీ దర్జాగా రాసిచ్చాను. ఆమె నన్ను బ్రిక్‌ఫీల్డ్స్‌లో తన ఇంటికి పిలిచి, ముందు టీ ఇచ్చారు.

"ఆ తెల్లబట్టలు ఎవులు ఉతికినారమ్మా?"

జవాబు ఆమే చెప్పారు. ఆడవాళ్లు ఆ బట్టల కుట్లు విప్పి, ఉతికి, గంజిపెట్టి, రాతిపలక మీద కర్రలతో నున్నగా అయ్యేదాకా కొట్టి, మళ్లీ కుట్టేవారట. "ఆ కర్రల సప్పుడు గురించి దొరలే రాసినారు. నువ్వు ఆ పేజీ దాటేసినావు" అన్నారు.

తర్వాత ఒక పాత ఫోటో తీశారు. తోట కూలీలుండే లైన్ల ఇళ్ల ముందు అరుగు మీద కూర్చున్న ఆరుగురు ఆడవాళ్లు. ఫోటో వెనక, సోమరులని తోట దొర చేతిరాత.

"ఈవిడ మా యమ్మ. తెల్లారకముందే లేచి సెట్లు గీసి, రబ్బరు పాలు మోసి, అప్పుడే కూకున్నాది. మిగతా వోళ్లు ఎవులో నాకు తెల్దు. మీ అమ్మమ్మని అడిగి రా."

మా అమ్మమ్మ సంగతి ఆమెకు ముందే తెలుసు. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం ఫోటో పట్టుకెళ్లాను. అమ్మమ్మ ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపిస్తూ మధ్యాహ్నమంతా మాట్లాడింది. "ఇది నానే" అని నవ్వింది. ఒకావిడ పేరు మాత్రం ఎంతకీ గుర్తురాలేదు. మిగతా పేర్లు టీచరమ్మకు చెప్పి, ఫోటో తిరిగిచ్చాను. మరుసటి ఏడాది అమ్మమ్మ పోయింది. ఆ మధ్యాహ్నం నాకు దక్కిందంటే టీచరమ్మ చలవే.

మొన్న చివరిచూపుకు వెళ్తే, టీచరమ్మ కూతురు ఆ ఫోటో నా చేతిలో పెట్టింది. తిప్పి చూశాను. దొర రాతను టీచరమ్మ కొట్టేయలేదు. దాని కింద పెన్సిలుతో ఐదు పేర్లు వరసగా రాసి, ఆరో పేరుకు చోటు వదిలారు.