నొప్పి చెప్పని మర్యాద

ఈ కాలం పిల్లలకు మర్యాద తెలియదని ఎవరైనా నిట్టూరిస్తే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. మర్యాద బాగా తెలిసిన మనిషి ఒకరు రాజమండ్రి ఆసుపత్రిలో పళ్ళు బిగబట్టుకుని పడుకున్నారు. ఆయన మా నాన్న.

ఆత్రేయపురం దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పారు. శనివారం ఆఖరి గంటలో పుస్తకాలు మూయించి, తాను ఇంటి యజమానిలా కుర్చీలో కూర్చునేవారు. నాతో సహా పిల్లలం ఒక్కొక్కరం ఏదో పని మీద ఆ ఇంటికి వచ్చినట్టు గుమ్మం దాటి రావాలి.

"భోంచేశావా?"

"ఇప్పుడే అయిందండి."

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉందండి."

తడబడితే మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి రావాల్సిందే. క్లాసులో సగం మంది కూలీల పిల్లలు. పొద్దుటి నుంచి మెతుకు ముట్టనివాళ్ళు కూడా "ఇప్పుడే అయిందండి" అని చేతులు కట్టుకుని చెప్పేవారు. వెనకటి మర్యాదలు మళ్ళీ నేర్పాలని సభల్లో అంటూ ఉంటారు. నేర్పండి. ముందు ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పడం నేర్పండి.

పదేళ్ళప్పుడు నేను లేచి అడిగాను. "అబద్ధం ఆడకూడదని నిన్ననే చెప్పారు కదండీ?"

క్లాసంతా కిసుక్కుమంది. నాన్న కొట్టలేదు. "అది అబద్ధం కాదురా. మన బాధ తీసుకెళ్ళి ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టకపోవడం. వచ్చాడండీ బారిస్టరు! వెళ్ళు, గుమ్మం దగ్గర్నించి మళ్ళీ రా" అన్నారు.

ఆ వాదన మా మధ్య ఇన్నేళ్ళూ ఆగలేదు. నేను హేతువాదినై, వేదికలెక్కి జాతకాలనూ ముహూర్తాలనూ ఉతికి ఆరేస్తూ వచ్చాను.

నాలుగు నెలల కిందట ఆయన పంచె మీద నెత్తుటి మరక చూశాను. వేడి చేసిందిలే, మజ్జిగ తాగితే పోతుందన్నారు. బలవంతాన ఈ ఆసుపత్రికే తీసుకొచ్చాను. డాక్టరు ఒకప్పుడు ఆ శనివారం క్లాసులో కూర్చున్నవాడే. మాస్టారిని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆయన కూర్చునేదాకా తాను కూర్చోలేదు.

"ఒంట్లో ఎలా ఉందండి మాస్టారూ?"

"బాగానే ఉందండి డాక్టరుగారూ. అంతా మావాడి గోల."

"నన్ను గారు అనకండి మాస్టారూ. విరేచనంలో రక్తం ఏమైనా..."

"అబ్బే, కాస్త వేడండి."

డాక్టరు తల దించుకున్నాడు. చదువు చెప్పిన మనిషితో పంచె వదులు చేయండి, పరీక్ష చేయాలి అనడానికి అతనికి నోరు రాలేదు. మందులు రాశాడు. నాన్న నావైపు ఒక్కసారి చూశారు. పరాయివాళ్ళ ఎదుట తండ్రి మాట కాదనకూడదన్నదీ ఆయన నేర్పిందే. దేవుణ్ణి సైతం వందలమంది ముందు నిలదీసినవాణ్ణి, ఒక్క మరక సంగతి చెప్పలేక నోరు మూసుకున్నాను. ఆ గదిలో ముగ్గురమూ మర్యాదస్తులమే.

రెండు నెలలకు స్నానాల గదిలో కుప్పకూలారు. పెద్దపేగులో గడ్డ, అప్పటికే కాలేయానికి పాకింది. డాక్టరు వరండాలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "అప్పుడే చూడాల్సిందండి. మాస్టార్ని గట్టిగా అడగలేకపోయానండి." అతన్ని తిట్టే హక్కు నాకెక్కడిది?

ఇక నయం కాదు. చేయగలిగింది నొప్పి తగ్గించడమొక్కటే. మామూలు మందు వేళకు ఇస్తున్నారు. అది చాలకపోతే, అడగగానే ఇంజెక్షన్ ఇమ్మని డాక్టరు రాసిపెట్టాడు. కానీ నాన్న అడగరు.

ఈ మధ్యాహ్నం నర్సు వచ్చింది. నాన్న నుదురంతా చెమట. దుప్పటి అంచు గుప్పిట్లో నలిగిపోతోంది.

"నొప్పి ఎంతుందండి తాతగారూ? పదికి ఎన్ని మార్కులేస్తారు?"

"ఒకటి వేసుకో అమ్మా."

"అబద్ధమమ్మా, చూస్తున్నారుగా, ఇచ్చేయండి" అన్నాను.

"ఆయన లేదంటుంటే ఎలా ఇస్తానండీ? ఆయన్నే చెప్పమనండి."

నేను మంచం మీదకు వంగి ఆయన పాదాలు రెండూ పట్టుకున్నాను. "నాన్నగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి తొమ్మిదనండి. ఈ ఒక్కసారికి నిజం చెప్పండి." నా గొంతు వార్డంతా వినబడింది.

ఆయన కళ్ళు మెల్లగా తెరిచారు.

"నెమ్మదిరా. పక్క మంచం ఆయనకు ఇప్పుడే కునుకు పట్టింది."