చాప రెండో కొస

సవాయి దీవిలో మతలేనాది గట్టి గొంతు. రోజూ పొద్దున్నే వాకిట్లో మఠం వేసుకుని, మొగలి ఆకుని బొటనవేలి గోరుతో దారాల్లా చీల్చి చాప అల్లుతుంది. అల్లుతూ కీర్తన పాడుతుంది. శ్రుతి తప్పిందని ఎవరైనా నవ్వితే, "దేవుడికి అలవాటైపోయిందిలే, మీ పని చూసుకోండి" అంటుంది. పోయిన వానాకాలంలో పక్క ఊరి యోసెఫో తాగి లారీ నడిపి ఆమె కొడుకుని చంపేశాడు. కొడుకుని పాతిపెట్టిన మర్నాడు తెల్లారేసరికి వాకిట్లో ఎవరో పెళ్లిళ్లకిచ్చే సన్నచాప తల మీదుగా కప్పుకుని మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. క్షమాపణ అక్కడ అలాగే అడుగుతారు. ఇంటివాళ్లు చాప ఎత్తితే క్షమించినట్టు, ఎత్తకపోతే ఆ కూర్చున్నవాణ్ణి ఏం చేసినా అడిగేవాడు లేడు. ఆమె తమ్ముడు తావిత కత్తి పట్టుకుని దూకాడు.

"ఎవడ్రా లోపల?"

"యోసెఫో జైల్లో ఉన్నాడు నాయనా. నేను వాళ్లింటి పెద్దని, తుయావిని."

"చంపిందొకడు, కూర్చుంది ఇంకొకడూనా!"

"మరి ఆదివారం ఆదివారం చర్చిలో మనం పాడేది ఎవరి గురించిరా?" అంది మతలేనా, వాచిపోయిన కళ్లతో. వంగి చాప అంచు తడిమింది. అల్లిక తనదే, ఎప్పుడో ఏదో పెళ్లికి ఇచ్చింది. "ముసలాయనకి ఉక్కపోస్తోంది. ఆ కొస నువ్వు పట్టు."

"అక్కా, పోయింది నీ కొడుకే!"

"నాకు తెలీదూ? చాప నేలకి రాసుకోకూడదు. రెండు చేతులతో పట్టు."

తావిత కత్తి కింద పెట్టాడు.