ఇరవై ఏడేళ్ళకే కూత మానేసినవాడు

నరసరావుపేట మిర్చి కోల్డ్ స్టోరేజీలో నాగార్జున చెయ్యి పెట్టని టిక్కీ బస్తా గేటు దాటదు. రైతు ఎన్ని ఒట్లు వేసినా మోచేతి దాకా బస్తాలోకి దూర్చి, అడుగున తేమ తగులుతుందేమో చూస్తాడు. కాయ విరిగిపోకుండా నాలుగు నీళ్ళు చల్లుకునేవాళ్ళు కొందరు, తూకం పెరగాలని చల్లేవాళ్ళు కొందరు. నాగార్జున దృష్టిలో మొదటి రకం వాళ్ళు లేనే లేరు. ఆ గుణం చూసే యజమాని అతన్ని గేటు దగ్గర పెట్టాడు.

నాలుగేళ్ళ కిందట అతను ఇండియా జట్టుకు కబడ్డీ ఆడాడని రైతుల్లో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళకు పక్కవాళ్ళు గొంతు తగ్గించి చెబుతారు. ఎందుకు మానేశాడో కూడా చెబుతారు. మోకాలు పోయిందని ఒకరు, పందెగాళ్ళ దగ్గర ఏదో తిన్నాడని ఒకరు, క్యాంపులో ఎవరినో కొట్టాడని ఇంకొకరు. ఇరవై ఏడేళ్ళవాడు, రెండే రెండు మ్యాచులు ఆడి, ఇక దేశానికి ఆడనని ఉత్తరం రాసి ఊరుకోవడం ఎవరికీ మింగుడుపడలేదు.

అతన్ని మొదట పట్టుకున్నది శావల్యాపురం హైస్కూలు డ్రిల్లు టీచరు కృష్ణకుమారి. తొమ్మిదో తరగతి కుర్రాడు కూతకు వెళ్ళి, అవతలివాళ్ళ మొహాలు చూడకుండా పాదాలే చూడటం ఆమె గమనించింది. ఏ మడమ లేవబోతోందో ముందే పసిగట్టి పక్కకు జారేవాడు. ఆమె ఇప్పటికీ అంటుంది: "నా సర్వీసులో అట్టాంటోణ్ణి ఇంకొకణ్ణి చూడలా. సొంత జట్టోళ్ళ కాళ్ళు కూడా చూస్తా ఉంటాడు, అదే వాడి రోగం."

ఆ రోగం విదేశంలో ఆడిన రెండో మ్యాచులో ముదిరింది. కబడ్డీలో అవుటైనవాడు పక్కన కూర్చోవాలి. తనవాళ్ళు అవతలి మనిషిని అవుట్ చేస్తేనే మళ్ళీ లోపలికి వస్తాడు. రెండో సగంలో నాగార్జున పట్టుబడి కూర్చున్నాడు. తర్వాత కూతకు వెళ్ళినవాళ్ళంతా గీత దాటి, ఎవరినీ ముట్టకుండా వెనక్కి వచ్చారు. ఒకరు కాదు, వరసగా అందరూ. అవతలివాడు కూతకు వచ్చినా పట్టుకోబోలేదు. పదకొండు నిమిషాలు. మ్యాచు గెలిచారు, ఎగిరారు, కౌగిలించుకున్నారు. నాగార్జునకు ఒకటే అర్థమైంది. తనను లోపలికి రానివ్వకూడదని ముందే మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చిన మూడో రోజున ఉత్తరం రాశాడు. కారణం రాయలేదు. కారణం వాళ్ళకే తెలుసు గదా అనుకున్నాడు.

ఈ మార్చిలో ఒక సోమవారం పదకొండింటికి గేటు ముందు బండి ఆగింది. దిగినవాడు ప్రదీప్. క్రోసూరు మనిషి, ఆ మ్యాచులో తనతో ఆడినవాడు, ఇప్పుడు ఇండియా క్యాంపులో సహాయ కోచ్.

"ఎల్లుండి క్యాంపు మొదలు. ఇద్దరు రైడర్లకు దెబ్బలు తగిలాయి. నీ పేరు చెప్పా, ఒప్పుకున్నారు. రిటైర్మెంటు వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెట్టి సాయంత్రం ఐదులోపల ఫొటో పంపాలి. అంతే."

"ఫోన్లో చెప్పే మాటకి నలభై కిలోమీటర్లు బండేసుకొని వచ్చావేంది?"

"ఫోన్ చేస్తే ఎత్తి చావవు గదరా."

నాగార్జున అతని చెప్పుల వంక చూశాడు. దుమ్ము పట్టి ఉన్నాయి. అంటే నిజంగానే దూరం నుంచి వచ్చాడు. లేకపోతే దారిలో ఎక్కడో ఆగి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు.

ఇద్దరూ భోజనానికి బరంపేటలోని నాగార్జున ఇంటికి వెళ్ళారు. అతని భార్య ఉష దోసకాయ పప్పు వడ్డిస్తూ సంగతి విని, గరిటె పట్టుకునే నిలబడిపోయింది. ముప్పై ఒకటి దాటితే మొగుడికి ఇంకో పిలుపు రాదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆ కాయితం ఇయ్యి అన్నా. ముందు సంతకం పెట్టమను, తర్వాత తిందురు."

ప్రదీప్ జేబులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. నాగార్జున ఎడంచేత్తో అందుకుని వెలుతురుకు పెట్టి చదివాడు. 'అపార్థం వల్ల తీసుకున్న తొందరపాటు నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.'

"ఈ అపార్థం మాట ఎవరు రాయించారు?"

"ఎవరూ రాయించలా. డీటీపీ సెంటరు అమ్మాయి దగ్గర ఇంకెవరిదో ఉత్తరం ఉంటే పేరు మార్చమన్నా."

"తప్పు నాదని నా చేతే ఒప్పిస్తున్నారన్నమాట."

"కొట్టేయరా ఆ ముక్క. నేనే వేరే రాసిస్తా."

"కొట్టేయమనగానే ఒప్పుకున్నావేంది?"

ఉష గరిటె గిన్నెలో పడేసింది. "ఏందయ్యా నువ్వు, ఒప్పుకుంటే ఒక అనుమానం, ఒప్పుకోకపోతే ఒక అనుమానం."

ప్రదీప్ నవ్వలేదు. తెల్లకాగితం అడిగి, పప్పు చెయ్యి కడుక్కుని, రెండే వాక్యాలు రాశాడు. నాగార్జున రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. అప్పుడు అడిగాడు, నాలుగేళ్ళుగా లోపల నానుతున్న ప్రశ్న.

"ఆ రోజు నన్ను ఎందుకు కూర్చోబెట్టారు?"

"ఏ రోజు?"

"నాటకాలాడమాక. రెండో మ్యాచు. పదకొండు నిమిషాలు."

ప్రదీప్ నిజంగానే ఆలోచించాడు. గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. "ఆరు పాయింట్లు ముందున్నాం గదరా. రిస్కు తీసుకోకుండా టైం తోసేయమన్నాడు కోచ్. తోసేశాం."

"నేను బయట ఉన్నా."

"ఉంటే ఉన్నావు. నువ్వు కూర్చున్నావన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు. దాని గురించేనా రాసింది ఉత్తరం?"

నాగార్జున అతని మొహం చూడలేదు. అతను కూర్చున్న మంచం కింద పాదాలు చూశాడు. వేళ్ళు కదల్లేదు, మడమ లేవలేదు. అబద్ధం చెబుతున్న మనిషి కాళ్ళు కావవి. కుట్ర ఉందంటే ఏం చెప్పాలో నాలుగేళ్ళుగా సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ ఏమీ అనుకోలేదంటే ఏం చెప్పాలో సిద్ధం చేసుకోలేదు. కాగితం ఇంకోసారి వెలుతురుకు పెట్టి చూశాడు. చెయ్యి కడుక్కోమని ఉష చెంబు ముందుకు జరిపింది. ఇప్పుడు పెడతాడనుకుంది.

"పెడతా," అన్నాడు చివరికి. "ముందు దీన్ని జిరాక్సు తీయించి ఒకటి నా దగ్గర ఉంచుకుంటా. సంతకం అయ్యాక మీరేదైనా కలిపితే?"

మూడున్నరకు బయల్దేరారు. వీధి చివర జిరాక్సు షాపు తెరిచే ఉంది. నాగార్జున దాని ముందు ఆగలేదు. షాపువాడు జిల్లా కబడ్డీ సంఘంలో ఎవరికో బావమరిది వరస. మల్లమ్మ సెంటరులో ఇంకో షాపు ఉంది. అక్కడ పంట బీమా కోసం పాసుపుస్తకాలు జిరాక్సు తీయించుకునే రైతులు బజారు దాకా వరస కట్టారు. నాగార్జున వరసలో నిలబడ్డాడు. కాగితం తన చేతిలోనే ఉంచుకున్నాడు.

"సంతకం పెట్టు, ఫొటో తీస్తా, జిరాక్సు తర్వాత తీసుకుందువుగాని," అన్నాడు ప్రదీప్ నాలుగున్నరకు.

"ఎందుకంత తొందర?"

"ఐదింటికి గడువురా."

"గడువు పెట్టింది ఎవరు? నాకెందుకు ఈ రోజే చెప్పారు?"

ప్రదీప్ వరసలోంచి బయటికి వచ్చాడు. పక్కన అరుగు మీద కూర్చుని ఫోన్లో ఎవరితోనో 'వస్తోంది సార్, ఐదు నిమిషాలు' అని మూడుసార్లు అన్నాడు. నాగార్జున మూడుసార్లూ విన్నాడు. ఐదు నిమిషాలు అని వాళ్ళతో అబద్ధం చెప్పగలిగినవాడు తనతో ఎన్ని చెప్పి ఉంటాడో అనుకున్నాడు.

అతని వంతు వచ్చేసరికి ఐదు దాటి పదిహేను నిమిషాలైంది. రెండు కాపీలు తీయించాడు. అక్షరం అక్షరం సరిచూసి, పెన్ను కోసం ప్రదీప్ వైపు చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే ప్రదీప్ ఫోన్ మోగింది. విన్నాడు, తలూపాడు, పెట్టేశాడు.

"వేరేవాణ్ణి తీసుకున్నారు. ఇందాకటి దాకా ఆగి చూశారంట."

ప్రదీప్ పెన్ను జేబులో పెట్టుకుని బండెక్కి పోయాడు.

నాగార్జున ఇంటికి వచ్చి ఉషకు చెప్పాడు. గొంతులో బాధ లేదు. పొద్దుటి నుంచి మొదటిసారి కుదురుగా ఉంది.

"చూశావా. ముందే తేల్చుకుని వచ్చారు. నన్ను పిలిచినట్టు చూపించడానికే ఇదంతా."

"ఫోన్ ఎప్పుడొచ్చింది?"

"ఐదూ ఇరవైకి."

"గడువు ఐదింటికన్నాడు గదా. ఇరవై నిమిషాలు నీకోసం ఆగారు గదయ్యా వాళ్ళు."

నాగార్జున జిరాక్సు కాపీలు మడిచి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇరవై నిమిషాలు ఎందుకు ఆగారో, అది కూడా ఆలోచించాల్సిన విషయమే అనుకున్నాడు.