గాలిలో ఇంకా ఉన్న బొమ్మ

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దాటి లోపలికి వెళితే రెండో సందులో మా అక్కవాళ్ల ఇల్లు. కింద అక్కా బావా ఉంటారు. పై అంతస్తు హాస్టల్ నడిపేవాళ్లకు కిరాయికిచ్చారు. మిద్దె మీద కూడా రేకుల గదులు వేసుకుంటామని హాస్టల్‌వాళ్లు అడిగితే అక్క సరేనంది. ఒక శనివారం పొద్దున ఆ పని చేసే మేస్త్రీ వచ్చి మిద్దె కొలిచాడు. టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. ముప్పై ఆరు అడుగుల పొడుగు, ఇరవై నాలుగు వెడల్పు. అతను ముప్పై అయిదని రాసుకుంటే దిద్దించాను.

నైరుతి మూల పిల్లరు దగ్గర మేస్త్రీ ఆగాడు. పై అంతస్తు ఎప్పుడైనా వేస్తామని ఈ ఊళ్లో అందరూ పిల్లర్ల చువ్వలు పైకి వదిలేస్తారు. అక్కవాళ్లూ వదిలారు. ఆ చువ్వలకు కట్టి ఒక ఇనుప గొట్టం, దాని తల మీద అల్యూమినియం పుల్లలతో యాంటెనా ఉన్నాయి.

"ఈ గొట్టం తీయించేయండి సార్, రేకుకి అడ్డం వస్తది. సోమారం పొద్దున్నే మా వాళ్లు వచ్చేస్తారండి" అన్నాడు మేస్త్రీ. ఆయనది గోదావరి వైపు.

ఆ గొట్టం బావది. బావ ఒక చిన్న పట్నంలో ప్రభుత్వ టీవీ రిలే కేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. పైనుంచి వచ్చే కార్యక్రమాలను అందుకుని, చుట్టూ ఓ పాతిక కిలోమీటర్ల మేర ఊళ్లకు గాలిలో వదలడం ఆ కేంద్రం పని. పిల్లల చదువుల కోసం అక్క ఇక్కడ ఇల్లు కట్టించుకుని ఉంటే, బావ సెలవులకు వచ్చిపోతుండేవాడు. అలాంటి కేంద్రాలన్నీ ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డప్పుడు అదీ మూతపడింది. మిగిలిన సర్వీసు ఏదో ఆఫీసులో కాగితాలు చూస్తూ పూర్తి చేసి బావ ఇంటికొచ్చాడు.

కొన్ని పెద్ద నగరాల్లో మాత్రం కొత్త డిజిటల్ పద్ధతిలో ప్రసారం మిగిలింది. మనకు రామంతాపూర్ టవర్ నుంచి వస్తుంది. మిద్దె మీద యాంటెనా ఉంటే చాలు, కేబులూ డిష్షూ లేకుండా కొత్త టీవీల్లో కొన్ని ఛానెళ్లు ఊరికే చూడొచ్చు. ఈ సంగతి ఆ సందులో తెలిసినవాడు బావ ఒక్కడే. ఆయన యాంటెనా కట్టుకుని అప్పటికి నెల దాటింది. ఒక్కసారి కూడా బొమ్మ రాలేదు.

"ముప్పై ఏండ్లు ఊరోళ్లకు బొమ్మ సూపిచ్చిండు మీ బావ. పెండ్లానికి మాత్రం కేబులోడే దిక్కు" అంది అక్క, మేస్త్రీ వెళ్లిపోయాక.

బావ నవ్వలేదు. ఆదివారం పొద్దుగూకేలోగా బొమ్మ రాకపోతే తనే విప్పి ఇనుప సామానువాడికి ఇచ్చేస్తానన్నాడు. వస్తే ఏం చేస్తావని అక్క అడగలేదు. నేనడిగితే, వచ్చినప్పుడు చూద్దామంది.

మెట్లు దిగుతూ బావ నాతో మెల్లగా చెప్పాడు. "బామ్మర్దీ, నేను అన్నేండ్లు పంపుడే గని అందుకున్నది లేదు. క్వార్టర్ల టీవీ లేకుండె, ఈడ కేబులుండె. గాలిల ఇంక ఏమన్న ఉన్నదో లేదో నా కండ్లతోని సూడాలె. లేదంటే లేదనుకుంట."

ఆదివారం నాకు దుకాణం సెలవు కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణానికి అన్నిటికంటే రద్దీ రోజు అదే. అయినా సెలవడిగి సరూర్‌నగర్ నుంచి పొద్దున ఎనిమిదికల్లా అక్కడికి చేరుకున్నాను. నాకూ ఒక ఆశ ఉంది. నాది పదో తరగతి చదువు. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో, రంగు అంటకుండా నూలుకు ఎక్కడెక్కడ కట్లు కట్టాలో లెక్కపెడుతూ పెరిగాను. త్రికోణమితి మాత్రం చైతన్యపురి ఫుట్‌పాత్ మీద కొన్న పాత కోచింగ్ పుస్తకాల్లో నేర్చుకున్నాను. వాటిలో సగం లెక్కలు ఎవరో పెన్సిల్‌తో చేసేసి ఉండేవి. ఎవరిదో తప్పు పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం నాకు ఆ పుస్తకాలతోనే అలవాటైంది. నెల రోజులుగా రాని బొమ్మను లెక్క వేసి తెప్పించాలని ఆ రోజు నా ఉబలాటం.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఇంటికీ టవర్‌కీ మధ్య గీత గీశాను. తిన్నగా అయిదు కిలోమీటర్ల పైచిలుకు. ఉత్తరం నుంచి పడమర వైపుకు పద్దెనిమిది డిగ్రీలు. టవర్ కంటికి కనిపిస్తే ఇంత అవసరం లేదు. కానీ మధ్యలో అపార్ట్‌మెంట్లు లేచాయి. గొట్టానికి ఫోన్ ఆనించి, అందులోని దిక్సూచి చూస్తూ పద్దెనిమిది డిగ్రీలకు యాంటెనాను తిప్పించి బిగించాను. బావ స్పానర్ తిప్పాడు.

కింద టీవీ ముందు అక్క కూర్చుంది. తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది సిగ్నల్ బలం, రెండోది నాణ్యత. బలం ఉన్నా నాణ్యత లేకపోతే బొమ్మ రాదు. ఫోన్‌లో మాట్లాడుకుందామంటే బావ రెండు చేతులూ గొట్టం మీదున్నాయి. అందుకని నేను మెట్ల మధ్యలో నిలబడి అక్క చెప్పిన అంకె పైకి, బావ మాట కిందికి చేరవేశాను.

"ముప్పై ఒకటి. రెండోది సున్న" అంది అక్క.

మళ్లీ కొలిచాను. మళ్లీ బిగించాము. సున్నా. వైరు మార్చాము. సున్నా. ఒంటిగంటకు అన్నాలు తిన్నాం. నా లెక్క నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ పద్దెనిమిదే వచ్చింది. లెక్క తప్పు కాదు కనుక టవరే పనిచేయడం లేదేమోనని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు కానీ బావ నా ముఖం చూసి గ్రహించినట్టున్నాడు. మజ్జిగ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

తిన్నాక అక్క మోకాళ్లు పట్టుకుంటూ మిద్దెక్కింది. వచ్చింది యాంటెనా కోసం కాదు, ఎండలో ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి. చేట నడుముకు ఆనించుకుని యాంటెనా వైపు కాసేపు చూసింది.

"ఉత్తరం దిక్కు పెట్టిన్నంటివి గద తమ్మీ. గిదేంది, సంపు దిక్కు సూస్తున్నది?"

నీళ్ల సంపు ఈశాన్యంలో ఉంది. ఖాళీ జాగా ఉన్నప్పుడు వాస్తు చూసే ఆయన వచ్చి తాడు లాగి దిక్కులు గుర్తుపెట్టాడనీ, ఆ తాడు ప్రకారమే సంపు తవ్వించాననీ అక్క చెప్పింది. ఇల్లు కట్టించింది ఆమె. ఇటుక ఇటుకకూ పక్కన నిలబడింది.

"ఫోన్ చూపిస్తున్నదక్కా" అన్నాను.

"నీ ఫోన్ మాట ఇంటే నా ఇల్లే వంకర. ఈ వాకిట్ల ఇరవై ఏండ్ల సంది పొద్దు పొడుసుడు సూస్తున్న, నాకు ఎరుక లేదా?"

గొట్టం దగ్గర నుంచి ఫోన్ తీసి, చువ్వలకు దూరంగా మిద్దె నడిమధ్యకు తెచ్చి చూశాను. ముల్లు ఒక్కసారిగా పక్కకు జరిగింది. తేడా దాదాపు యాభై డిగ్రీలు. పొద్దుటి నుంచి నేను కొలిచింది ఉత్తరాన్ని కాదు, పిల్లరులో వదిలిన ఇనుమును. లెక్క సరిగ్గా చేసి, లెక్కకు మొదలే తప్పు పెట్టుకున్నాను. అక్క మిరపకాయలు ఎత్తుకుని ఇంకో మాట అనకుండా దిగిపోయింది. అది ఆమె మర్యాద.

యాంటెనాను సరైన వైపుకు తిప్పాము. ఇక రావాలి. రాలేదు. బలం అరవై దాటింది. నాణ్యత సున్నానే.

అప్పుడు బావ నన్ను జరగమన్నాడు. తన పద్ధతిలో చూస్తానన్నాడు. వెనకటి రోజుల్లో ప్రతి ఇంటి మీదా జరిగిన పద్ధతే అది. ఒకరు పైన గొట్టం తిప్పుతుంటారు, ఒకరు కింద అరుస్తుంటారు. చుక్కలు తగ్గుతూ తగ్గుతూ బొమ్మ తేటపడగానే ఆపేయడమే. రిలే కేంద్రానికి ఫోన్ చేసినవాళ్లకు బావ ముప్పై ఏళ్లూ చెప్పిన సలహా అదే. బావ కొళాయి తిప్పినట్టు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పసాగాడు. నేను పిట్టగోడ మీద సుద్దతో గీతలు పెట్టుకుని, ఏ గీత దగ్గర అక్క ఏ అంకె చెప్పిందో కాగితం మీద రాసుకున్నాను. చేతికి వేరే పని లేక రాసిందే.

నాలుగున్నరకు మెట్ల మీద కూర్చుని ఆ కాగితం చూశాను. అంతసేపట్లో నాణ్యత రెండేసార్లు కదిలింది. ఒకసారి పన్నెండు, ఒకసారి పందొమ్మిది. రెండూ వేరువేరు గీతల దగ్గర, ఒకదానికొకటి పొంతన లేదు. కానీ ఆ రెండుసార్లకూ ముందు జరిగింది ఒకటే. మొదటిసారి బావ చెమట తుడుచుకోవడానికి ఆగాడు, రెండోసారి కిందనుంచి పిలిచిన పాలవాడికి బదులు చెప్పడానికి ఆగాడు. రెండుసార్లూ ఆగింది ఆరో గీత దగ్గర, నా లెక్క చెప్పిన దిక్కుకు కాస్త పక్కన; అపార్ట్‌మెంట్లు అడ్డం కనుక నేరుగా అందడం లేదన్నమాట. మళ్లీ తిప్పడం మొదలుపెట్టాక అంకె వచ్చింది.

అంటే అంకె ఆలస్యంగా వస్తోంది. పాత టీవీ చేతితోపాటే మారేది. ఈ కొత్తది ముందు సిగ్నల్‌ను అందుకుని, పోల్చుకుని, నమ్మకం కుదిరాకే చూపిస్తుంది. దానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆలోగా బావ చేయి సరైన చోటు దాటిపోతోంది. నెల రోజులుగా ఆయన ఎన్నిసార్లు ఆ చోటు మీదుగా వెళ్లాడో.

"నాలుగు వేళ్లంత తిప్పి ఆగాలె బావా. నేను పది లెక్కవెడత. పది అయ్యేదాక ముట్టద్దు" అన్నాను.

"ట్రాన్స్‌మిటర్ వేడెక్కేదాక రోజూ పొద్దుగాల చేతులు కట్టుకొని కూసున్నోన్ని. నాకు ఓపిక నేర్పుతున్నవా" అన్నాడు కానీ ఆగాడు.

అయిదో గీత దగ్గర పది లెక్కపెట్టాను. ఏమీ లేదు. ఆరో గీత. ఏడు అనేసరికి కిందనుంచి మాట వచ్చింది.

"ముప్పై." కాస్త ఆగి, "యాభై ఎనిమిది." తర్వాత అంకెలు చెప్పడం మానేసి, "ఎవలో మాట్లాడుతున్నరు. కంది చేను గురించి" అంది.

ఈ కొత్త పద్ధతిలో చుక్కలుండవు, సగం బొమ్మ ఉండదు. అంతకుముందు నల్లటి తెర, ఆ తర్వాత కంది ఆకు మీది ఈనెలతో సహా అంతా ఉంది. బావ దిగొచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. బొమ్మకు అడ్డంగా ఉన్న అంకెల పెట్టె తీసేయమని అక్క అడిగినా తీయలేదు. అరవై ఒకటి, అరవై మూడు, అరవై ఒకటి. అలా చాలాసేపు చూసి, "ఉన్నది" అన్నాడు. చాయ్ తాగేటప్పుడు, చూశాను గనుక ఇక చాలనీ, రేపు షెడ్డువాళ్లు గొట్టం తీసేసుకోవచ్చనీ చెప్పాడు. వద్దని అక్క అనలేదు. అంటుందేమోనని నేను చూశాను.

సోమవారం పొద్దున దుకాణానికి వెళ్లేముందు అక్కడ ఆగాను. మేస్త్రీ మనుషులు అప్పటికే కట్లు విప్పుతున్నారు. బావ పక్కన నిలబడి స్పానర్ అందిస్తున్నాడు. గొట్టం పక్కకు వంచారో లేదో, కింద వాకిట్లోంచి అక్క గొంతు వినిపించింది.

"ఎవడాడ యాంటెనా ముట్టింది? టీవీల మోకాళ్ల డాక్టరు చెప్తున్నడు. కాలు ఎత్తుమన్నడు, దించుమననేలే, గంతల్నే పోయిండు."

మేస్త్రీ నవ్వాడు. కాలు దించేయమ్మా పర్లేదు అని అరిచాడు. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు. స్పానర్ పట్టుకున్న చేయి అలాగే ఉంచి, పిట్టగోడ మీంచి కిందికి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు.

"అప్పట్ల రెండు నిమిషాలు బొమ్మ పోతే ఫోన్ల మీద ఫోన్లు. తిట్టేటోళ్లు గూడ. కేంద్రం బంద్ చేసిన నాడు స్విచ్ నేనే కట్టేసిన బామ్మర్దీ. కట్టేసి ఫోను పక్కకు కుర్సీ ఏస్కొని సాయంత్రం దాక కూసున్న. ఒక్కలు చెయ్యలే."

అప్పటిదాకా గాలిలో ఉందా లేదా అని ఆయన అన్నాళ్లూ అడుగుతున్నది టవర్ గురించి మాత్రమే అనుకున్నాను.

బావ మేస్త్రీని పనాపమన్నాడు. వాయవ్యం వైపు పిట్టగోడకు బయటి నుంచి గొట్టం నిలబెడితే రేకు అడ్డం రాదని నేను కొలిచి చెప్పాను. "రేకులు తర్వాత. ముందు గిది నిలవెట్టు" అన్నాడు బావ. మేస్త్రీ అరగంట ఆలస్యమవుతుందండి అని గొణిగాడు కానీ గోడకు బోల్టులు వేశాడు. బావ గొట్టం పట్టుకుని నాలుగు వేళ్లంత తిప్పి ఆగాడు.

"ఇంక ఎంతసేపయ్యా?" అంది అక్క కిందనుంచి.

బావ గొంతు సవరించుకున్నాడు. ఎన్ని వందలసార్లు తెర మీద పెట్టాడో ఆ మాటలనే, అచ్చులో ఉన్నట్టే పలికాడు.

"అంతరాయానికి చింతిస్తున్నాము."

"సింత ఎనక పడుదువు గని, డాక్టరు పోతడు, జల్ది కానీ" అంది అక్క.