మా మనుమరాలికి మాట రాదట!

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, మహిళా సంఘం అక్కలు నేర్పితేనే. మాది మరిపెడ దగ్గర లంబాడా తండా. నిరుడు మూడేళ్ల మా మనుమరాలు కొడకండ్ల దగ్గర మేనత్త ఇంట్లో ఉండి, రెండు నెలలు అక్కడి అంగన్‌వాడీకి పోయింది. గోడ మీద తల్లి బొమ్మ చూసి మా భాషలో "యాడి" అంటే, అక్కడి టీచరమ్మ "ఔ బిడ్డా, యాడి. మేం అమ్మ అంటం" అని నవ్వేదట. పిల్ల రోజంతా గలగల మాట్లాడేది.

తిరిగొచ్చాక పక్క ఊరి అంగన్‌వాడీలో వేశాం. అక్కడ పిల్లను మూలకు కూర్చోబెట్టారు. ఒకనాడు టీచరు రిజిస్టరు నా ముందు పెట్టి, "అవ్వా, జర వేలిముద్ర వెయ్యి" అన్నది. కూడబలుక్కుని చదివాను. మనుమరాలి పేరు పక్కన "మాట రాదు, బుద్ధిమాంద్యం" అని ఉంది.

"గిదేంది? మా పిల్లకు మాట రాదా?"

టీచరు బిత్తరపోయింది. "నీకు చదువొస్తదా అవ్వా? ఏదడిగినా తండా మాటలే అంటది మరి."

"అయితే మాట వచ్చినట్టే కదా! అర్థం కానిది నీకు. నీ పేరు పక్కన రాసుకో!"

పిల్లల కోసం వచ్చిన తల్లులందరి ముందు ఆ రాత కొట్టేయించాకే సంతకం పెట్టాను.

నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ రిజిస్టరులో ఇంకా ఎందరో తండా పిల్లల పేర్లు ఉన్నాయి. వాటి పక్కన ఏం రాసి ఉందో తెలియక ఎందరు అవ్వలు వేలిముద్ర వేశారో!