కొంకిపురుగులూ, నా కొత్త జోళ్లూ

ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతిదీ బేరంలాగే కనిపించేది. పలాసలో మాది జీడిపప్పు కొట్టు. గుండు పప్పుకీ విరిగిన బద్దకీ తేడా చెప్పి కొనేవాణ్ణి ఒప్పించడం నడక కంటే ముందే నేర్చుకున్నాను. అలాంటివాణ్ణి, కడుపులో పురుగులకీ ఒంట్లో రోగనిరోధక శక్తికీ మధ్య ఏం నడుస్తుందో చూసే పరిశోధనలో ఎందుకు చేరానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. (మా నాన్నకైతే అసలే తెలియలేదు. "పురుగులేటిరా, అయి అమ్ముడవుతాయేటి?" అని అడిగాడు.)

మా మేడమ్ అప్పగించిన పని వినడానికి చిన్నదే. పూండి దగ్గర జీడితోటల ఊళ్లో ఒక వీధివాళ్లందరి రక్తమూ, డబ్బాల్లో మలమూ తీసుకోవాలి. తర్వాత అందరిచేతా పురుగుల మాత్ర మింగించి, కొన్నాళ్లకి మళ్లీ రక్తం తీసి చూడాలి. "వాళ్లు మింగకపోతే పరిశోధనా లేదు, నీ ఉద్యోగమూ లేదు" అని నవ్వుతూనే చెప్పారు. రెండు నెలలు ఆ వీధి చుట్టూ తిరిగాను. టెక్కలిలో గంటసేపు గీసిగీసి బేరమాడి కొన్న తోలు జోళ్లు ఇసకలో పాడైపోతాయని వాటిని చేత్తో పట్టుకుని, తోటల్లో వట్టి కాళ్లతో నడిచేవాణ్ణి.

డబ్బాలు బాగానే వచ్చాయి. మాత్రల రోజునే నా నోరు నా కొంప ముంచింది. సరుకు గొప్ప చెప్పకుండా ఉండలేని నోరు కదా! పురుగులు తాము బతకడానికి మన ఒంటి కోపాన్ని చల్లార్చి పెడతాయనీ, అందుకే అవి ఉన్నవాళ్లకి తుమ్ములూ దద్దుర్లూ తక్కువేమోనని కొందరి అనుమానమనీ ఊరించి ఊరించి చెప్పాను. వీధంతా మాత్రలు చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

"అయితే అయి మంచివేనేటి బాబూ?" అంది తోట మామ్మ. ఆవిడ మింగితేనే మిగతావాళ్లు మింగుతారు.

"మంచివి కావు మామ్మా. రక్తం తాగేస్తాయి."

"మరి తుమ్ములాపుతాయన్నావు?"

"ఆపుతాయి... ఆపొచ్చు."

"ఒక్క మాట సెప్పు. మంచివా, సెడ్డవా?"

మంచి చేసే చెడ్డవి అన్నాను. (అంతకన్నా సరైన జవాబు నాకు ఈనాటికీ దొరకలేదు.) మామ్మ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, కాళ్ల దగ్గర ఆగింది. "మా అందరివీ డబ్బాల్లో అట్టుకెళ్లావు. నీదేదీ? ముందు నీదీ సూడు. ఏటున్నాయో సెప్పి నువ్వు మింగు, మేమూ మింగుతాం."

బేరం న్యాయంగానే ఉంది. పైగా లాభం నాదే అనుకున్నాను. టౌన్లో పెరిగినవాణ్ణి, నా కడుపు అద్దంలా ఉంటుందని ధీమా. మూడోనాడు మైక్రోస్కోపులో చూస్తే, వీధి మొత్తం మీద కొంకిపురుగుల గుడ్లు ఎక్కువున్నది నాకే! ఆ పురుగు పిల్లలు తడి ఇసకలోంచి వట్టి పాదాల్లోకి దూరతాయని బొమ్మలు చూపించి మరీ వీధికి పాఠం చెప్పింది కూడా నేనే.

"జోడు సేత్తో మోసినోడికి ఇంకేటవుద్ది?" అంటూ మామ్మ మాత్ర నా చేతిలో పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది: చిన్నప్పట్నుంచీ కొట్లో జీడిపొట్టు దుమ్ముకి ఆగకుండా తుమ్మే నేను ఆ నెలంతా, కొట్టుకి వెళ్లినప్పుడు కూడా, ఒక్కసారీ తుమ్మలేదు. మాత్ర వేళ్ల మధ్యే ఆగిపోయింది.

"సగం మింగితే సాలదేటి మామ్మా?"

"నాకాడ బేరాలేటి? మింగెయ్!"

మింగాను. నా వెనక వీధంతా మింగింది. ఉద్యోగం నిలిచింది.

మరుసటి నెల కొట్లో అడుగు పెట్టగానే తుమ్మాను. అది పురుగులు పోయినందుకో, ఆ రోజు దుమ్ము ఎక్కువైనందుకో తేల్చుకుందామని కూర్చున్నవాణ్ణి, జుట్టు నెరిసింది కానీ లేవలేదు. ఇప్పటికీ తుమ్మినప్పుడల్లా, జోళ్లు చేత్తో పట్టుకుని అన్నీ తెలిసినట్టు ఇసకలో నడిచిపోతున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. జోళ్లు తొడుక్కోరా అని కేకేద్దామనుకుంటాను. తుమ్ములు లేని ఆ ఒక్క నెలా వాడికెందుకు పాడుచెయ్యాలని ఊరుకుంటాను.